వైమరనర్ పిల్ల కుంటుతోందని కాల్షియం పోయకండి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. వరి, తర్వాత మొక్కజొన్న వేస్తాం. రెండు గేదెలు, కొన్ని నాటు కోళ్లు ఉన్నాయి. నాలుగున్నర నెలల వైమరనర్ మగ కుక్కపిల్లను పెంచుతున్నాం, బరువు 16 కిలోలు. పది రోజులుగా ముందు కాళ్లు కుంటుతోంది. మణికట్ల దగ్గర వాపు వచ్చింది, ఒళ్లు కాలిపోతోంది, తిండి తగ్గింది. దీనికి వారం ముందే టీకా వేయించాం. పిల్లను అమ్మిన షాపు వాళ్లు కాల్షియం లోపమని చెప్పి సిరప్ ఇచ్చారు, రోజూ 20 మి.లీ. పోస్తున్నాం. తగ్గకపోతే కాల్షియం ఇంజెక్షన్ చేయించమన్నారు. డ్రై ఫుడ్‌తో పాటు రోజుకు అర లీటరు గేదె పాలు, రెండు గుడ్లు పెడుతున్నాం. ఇంకో సమస్య, కోళ్ల వెంట పడుతోంది, ఒంటరిగా వదిలితే తలుపు గోకేస్తోంది. దీన్ని ఎలా పెంచాలి?

జవాబు: ఆ సిరప్ ఈ పూటే ఆపండి. ఇంజెక్షన్ జోలికి అసలు వెళ్లకండి. మీ పిల్లకు ఉన్నది కాల్షియం లోపం కాదు. కాల్షియం తక్కువైతే ఎముక బలహీనపడి కాళ్లు వంకర పోతాయి గానీ ఒళ్లు కాలిపోయే జ్వరం రాదు. మీరు రాసిన జ్వరం, రెండు ముందు కాళ్లకూ వాపు, నాలుగున్నర నెలల వయసు, వారం ముందు టీకా, ఇవన్నీ కలిపి చూస్తే ముందుగా అనుమానించాల్సింది హైపర్‌ట్రోఫిక్ ఆస్టియోడిస్ట్రఫీ అనే ఎముకల వాపు జబ్బు. పశువైద్యులు హెచ్.ఓ.డి. అంటారు. వేగంగా పెరిగే పెద్ద జాతి పిల్లల్లో వస్తుంది, వైమరనర్లలో మరీ ఎక్కువ. కొన్ని పిల్లల్లో టీకా వేసిన కొద్ది రోజులకే బయటపడుతుంది.

ఇంటి దగ్గరే ఒకటి చూడండి. మణికట్టు కీలును కాకుండా, దానికి వేలెడు పైన ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోట బొటనవేలితో మెల్లగా నొక్కండి. అక్కడ వేడిగా ఉండి, నొక్కగానే పిల్ల కాలు లాక్కున్నా కుయ్యిమన్నా నా అనుమానానికి బలం వచ్చినట్టే. తర్వాత డిజిటల్ థర్మామీటర్ మొనకు కొబ్బరినూనె రాసి, మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి జ్వరం చూడండి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు మామూలే. ముక్కు తడిగా ఉందా, చెవులు వేడిగా ఉన్నాయా అని చూసి జ్వరం లెక్కకట్టకండి. 103.5 దాటితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ జబ్బులో 105, 106 దాకా కూడా పోతుంది. పిల్ల లేవలేకపోతున్నా, నీళ్లు తాగకపోయినా థర్మామీటర్ కోసం ఆగొద్దు.

మన వైపు ఇంకో జబ్బు కూడా ఇలాగే కనిపిస్తుంది. అది పిడుదుల జ్వరం. అందులోనూ జ్వరం, కీళ్ల నొప్పి, కుంటడం ఉంటాయి. చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, పొట్ట మీద ఎర్రటి చుక్కలు కనిపించినా అనుమానం అటు తిప్పుకోవాలి. అందుకే రెండు పరీక్షలు తప్పనిసరి. ఒకటి, రెండు ముందు కాళ్లకూ మణికట్టు పైభాగం కలిసేలా ఎక్స్‌రే. హెచ్.ఓ.డి. అయితే ఎముక పెరిగే గీత పక్కనే దానికి సమాంతరంగా మరో నల్లటి గీత కనిపిస్తుంది. రెండోది ప్లేట్‌లెట్ల లెక్కతో సహా పూర్తి రక్త పరీక్ష, రక్తపు స్మియర్, అంటే చుక్క రక్తాన్ని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూడటం. గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పిడుదుల జ్వరమని, అదీ ఎర్లీకియా అనే బ్యాక్టీరియా వల్లేనని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున, అంటే మీ పిల్లకు రోజుకు 160 మి.గ్రా., తిండితో కలిపి 28 రోజులు వాడాలి. నాలుగో రోజుకే హుషారు వచ్చిందని మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది. స్మియర్‌లో పిడుదుల నుంచే సోకే మరో పరాన్నజీవి బబీసియా కనిపిస్తే మందు వేరు. హెచ్.ఓ.డి. అయితే వైమరనర్లకు మామూలు నొప్పి మాత్రల కంటే స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది. దాని మోతాదు రక్త పరీక్ష చూశాక డాక్టరే రాయాలి. తగ్గించడం కూడా మెట్టు మెట్టుగా జరగాలి, ఒక్కసారిగా ఆపితే జ్వరం తిరిగొస్తుంది. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు నొప్పి మాత్ర కలిపితే కడుపులో పుండ్లు పడతాయి. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అరముక్క కూడా వేయకండి, పుండ్లతో పాటు మూత్రపిండాలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా వద్దు. ఈలోగా పిల్లను గచ్చు మీద పడుకోబెట్టకుండా మందపాటి పరుపు గానీ నాలుగు మడతల గోనెసంచి గానీ వేయండి. లేవలేకపోతే నాలుగు గంటలకోసారి పక్క మార్చండి. నీళ్లు, ఆహారం నోటి దగ్గరికే తేవాలి.

ఇక కాల్షియం సంగతి. ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. గేదెకు ఈనాక పాలజ్వరం వచ్చి పడిపోతే, సీసా కాల్షియం ఎక్కించగానే లేచి నిలబడటం మీరు చూసే ఉంటారు. అందుకే పశువు కాళ్లు పట్టు తప్పితే కాల్షియమే అనే నమ్మకం మన పల్లెల్లో పాతుకుపోయింది. గేదెలో అప్పుడు జరిగేది వేరు. పాలలోకి ఒక్కసారిగా కాల్షియం దిగిపోయి రక్తంలో తగ్గుతుంది. ఎదిగే కుక్కపిల్ల కథ దీనికి పూర్తిగా తలకిందులు. ఆరు నెలల లోపు పిల్ల పేగులకు ‘ఇక చాలు’ అని కాల్షియాన్ని ఆపే శక్తి ఉండదు, ఎంత ఎక్కువ పెడితే అంత ఎక్కువ లోపలికి పోతూనే ఉంటుంది. ఎక్కువైన కాల్షియం మృదులాస్థి సరిగ్గా ఎముకగా మారకుండా అడ్డుపడుతుంది, ఫాస్ఫరస్‌నూ జింకునూ ఒంటికి పట్టనివ్వదు. కాళ్లు బలపడాలని పోసిన మందే కాళ్లను వంకర తిప్పుతుంది.

మీ లెక్కే చూడండి. పెద్ద జాతి పిల్లల డ్రై ఫుడ్‌లో కాల్షియం 1.2 శాతం ఉందనుకుందాం. రోజుకు 300 గ్రాములు తింటే 3.6 గ్రాములు అందుతుంది. మీ పిల్లకు కావాల్సింది సుమారు 3.3 గ్రాములు, అంటే తిండిలోనే సరిపోయింది. దాని మీద అర లీటరు గేదె పాలతో ఇంకో 0.9 గ్రాము. సిరప్ 5 మి.లీ.కు 200 మి.గ్రా. ఉంటే 20 మి.లీ.తో మరో 0.8 గ్రాము. మొత్తం 5.3 గ్రాములు. ఈ పిల్లకు 5 గ్రాములు దాటకూడదు. మీ సంచి మీద, సీసా మీద ఉన్న అంకెలతో ఇదే లెక్క వేసుకోండి. ఇంజెక్షన్ ఇంకా ప్రమాదం. నరంలోకి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగుతుంది, చర్మం కిందికి ఇస్తే అక్కడి కండ కుళ్లిపోతుంది. చేలో ఏ పురుగు ఉందో చూడకుండానే దుకాణంలో ఇచ్చిన మూడు డబ్బాలు కలిపి కొట్టడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. పిల్లను అమ్మినవాళ్లు ఎక్స్‌రే తీశారా? కనీసం జ్వరం చూశారా? అమ్మకానికి ఉన్న సీసా ఇచ్చి పంపారు. డ్రై ఫుడ్ కాకుండా ఉత్త మాంసం, అన్నం మీద పెంచే పిల్లలకు మాత్రం కాల్షియం నిజంగానే చాలదు. వాటికి కూడా ఎంత కలపాలో బరువు చూసి డాక్టరు లెక్క కట్టాలి, షాపు కాదు.

తిండి. ఈ వయసులో మీ పిల్లకు రోజుకు 1,100 కిలోక్యాలరీలు చాలు. సంచి మీద 100 గ్రాములకు 360 అని ఉంటే 300 గ్రాములు, మూడు పూటలకు వందేసి గ్రాములు. గ్లాసుతో కాదు, కాటాతో తూచండి. మీరు పోసే అర లీటరు గేదె పాలే దాదాపు 500 కిలోక్యాలరీలు, సగం రోజు తిండి! పాలు పూర్తిగా మానేయండి. గుడ్డు ఉడికించి వారానికి మూడు రోజులు ఒక్కొక్కటి పెట్టొచ్చు. వైమరనర్ సహజంగానే సన్నటి జాతి. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము దగ్గర లోపలికి నొక్కుకున్నట్టు కనిపించాలి. వచ్చినవాళ్లంతా బక్కగా ఉందంటారు, వాళ్ల మాట విని గిన్నె నింపకండి. పిల్ల ఎంత నిదానంగా పెరిగితే ఎముకకు అంత మంచిది. పెద్దయ్యాక మగది 32 నుంచి 40 కిలోలు తూగుతుంది. అప్పుడు రోజుకు 420 నుంచి 520 గ్రాములు రెండు పూటలుగా పెట్టండి. మిగిలిన కూర మాత్రం వేయొద్దు. మన కూరల్లో ఉల్లిపాయ లేనిది ఏది? ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పగలగొడతాయి. ఉడికించిన కోడి ఎముకలు చీలి పేగును కోస్తాయి.

ఇప్పుడు పూర్తి విశ్రాంతి, మూత్రానికీ మలానికీ తాడు పట్టి తీసుకెళ్లడమే. నయమయ్యాక నెలల వయసును ఐదుతో గుణించి అన్ని నిమిషాలు, అంటే ఐదు నెలల పిల్లకు 25 నిమిషాలు, రోజుకు రెండుసార్లు మట్టి నేల మీద నడిపించండి. బైకుకు కట్టి పరుగెత్తించే అలవాటు మన ఊళ్లలో చూస్తున్నాను, ఏడాదిన్నర లోపు పిల్లకు అది కీళ్లు అరగదీయడమే. ఎదిగాక మాత్రం రోజుకు రెండు గంటల పని లేకపోతే ఈ జాతి ఇల్లు పీకి పందిరేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరున్నర లోపు, సాయంత్రం ఏడు తర్వాతే బయటికి తీయండి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆన్చలేకపోతే కుక్క పాదమూ ఆగదు. విపరీతంగా రొప్పుతూ తూలితే నీడలోకి తెచ్చి ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి ఫ్యాను పెట్టండి, ఐసు నీళ్లలో ముంచొద్దు. జ్వరం 103.5కి దిగగానే నీళ్లు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తలుపు గోకడం పొగరు కాదు, భయం. జర్మనీలో వేటగాడి పక్కనే ఉండేలా తయారైన జాతి ఇది. గొడ్ల చావిడిలో గొలుసుకు కట్టేసి కాపలాకు పెడదామంటే కుదరదు, మనిషి కనబడాలి. మొదట రెండు నిమిషాలు గదిలో వదిలి, ఏడవకముందే తిరిగి రండి. తర్వాత ఐదు, పది, ఇరవై నిమిషాలు. ఏడుస్తుండగా తలుపు తీస్తే ఏడిస్తే తీస్తారని నేర్చుకుంటుంది. కోళ్ల విషయం రక్తంలో ఉన్న వేట బుద్ధి, కర్రతో పోదు. పది మీటర్ల పొడవు తాడు కట్టి, కోళ్లు దూరంగా కనిపించే చోట నిలబెట్టి, పేరు పిలవగానే మీ వైపు తిరిగితే వేలి గోరంత ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టండి. ఐదేసి నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. వారం వారం కోళ్లకు కాస్త దగ్గరగా జరగండి. కుక్క కోళ్ల వెంట పోయాక కేకలేయడం, తిరిగొచ్చాక కొట్టడం రెండూ తప్పే, వస్తే దెబ్బలు పడతాయని మీ దగ్గరికి రావడమే మానేస్తుంది. ఈ పాఠాలు కాళ్లు నయమయ్యాకే మొదలుపెట్టండి.

టీకా వల్ల జబ్బు వచ్చిందని టీకాలు మానేయకండి. టీకా లేని పిల్లకు పార్వో అనే వైరస్ సోకితే మిగలడం కష్టం. జ్వరం ఉన్నప్పుడు, స్టెరాయిడ్ నడుస్తున్నప్పుడు మాత్రం వేయించొద్దు. కోలుకున్నాక ఎప్పుడు వేయాలో డాక్టరుతో మాట్లాడి, ఒకే రోజు అన్నీ కలపకుండా విడివిడిగా వేయించండి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేయాలి, వేశారో లేదో మీరు రాయలేదు. వరి చేలలో తిరిగే కుక్కకు ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా సోకుతుంది కాబట్టి ఆ టీకా కూడా అడగండి.

పిడుదులకు పత్తికో మిరపకో కొట్టే మందు కుక్క ఒంటికి పూయకండి, చర్మం గుండా ఎక్కి ఫిట్స్‌తో చస్తుంది. గేదెలకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్ అంచనాగా పొడవొద్దు. బరువుకు తగిన నమిలే మాత్ర డాక్టరు రాస్తారు. పిడుదు గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది కనుక కుక్క పడుకునే చోట పగుళ్లు పూడ్చండి. చేలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్, బ్రోమోడయోలోన్ ఎరలు పెట్టిన రోజుల్లో దీన్ని పొలానికి తీసుకెళ్లొద్దు. చచ్చిన ఎలుకను తిన్నా విషమే.

ఈ జాతికి ఛాతీ లోతుగా ఉంటుంది, అందువల్ల పెద్దయ్యాక కడుపు గాలితో ఉబ్బి మెలి తిరిగే ప్రమాదం ఉంది. తినడానికి గంట ముందు, తిన్న రెండు గంటల వరకు పరుగులు వద్దు. పొట్ట డప్పులా బిగుసుకుని, చొంగ కారుతూ, వాంతి రాకుండా ఊరికే డోకుతుంటే గేదెకు చేసినట్టు నూనె తాగించకండి. మెలిపడ్డ కడుపులోకి అది దిగదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆపరేషన్ వసతి ఉన్న ఆసుపత్రికి బయల్దేరాలి, తెల్లవారాక చూద్దాం అనుకుంటే కుక్క దక్కదు.

గన్నవరం వెళ్లేటప్పుడు సిరప్ సీసా, డ్రై ఫుడ్ సంచి వెనక ఉన్న అంకెల ఫొటో, టీకా కార్డు వెంట తీసుకెళ్లండి. జ్వరం రోజుకు మూడుసార్లు చూసి వేళతో సహా కాగితం మీద రాసి పెట్టండి. అదే ఈతలో పుట్టిన మిగతా పిల్లలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోండి, ఈ జబ్బు ఒకే ఈతలో రెండు మూడింటికి రావడం మామూలే.