అసూయ పుడితే ఆ సంగతి దేవుడితోనే చెప్పు

నాన్నా, వందనాలు.

నీ మెసేజ్ చదివాను. మిర్చి యార్డులో తూకం దగ్గర రైతుల్ని కోసే మీ షావుకారు లక్ష్మీపురంలో రెండో ఇల్లు కట్టాడనీ, సొంత చెల్లెలికే రూపాయి సాయం చెయ్యడనీ, రాబడిలో పదో వంతు దశమభాగంగా దేవుడికి తప్పకుండా ఇచ్చే నువ్వేమో పిల్లల ఫీజుకి అప్పు వెతుక్కుంటున్నావనీ రాశావు. చర్చిలో పాట పాడుతున్నా ఆయన కారే కళ్లముందు కనిపిస్తోందన్నావు. భక్తి పోయిందేమోనని భయపడకు. బైబిల్లో 73వ కీర్తన ఆసాపుది. దావీదు రాజు కాలంలో మందసం, అంటే దేవుడి పవిత్ర పెట్టె ముందు పాటలు పాడిన లేవీయుడాయన, దేవుడి సేవకి ఏర్పరచిన గోత్రంవాడు. అంతటివాడే భక్తిహీనుల క్షేమం చూసి ఓర్చుకోలేకపోయాననీ, కాలు జారబోయిందనీ చెప్పుకున్నాడు.

అందుకని ముందు ఆ మాట దాచకుండా ప్రార్థనలో చెప్పు. షావుకారు పేరు పెట్టి, ఇల్లూ కారూ అన్నీ ఎత్తి, నాకు కడుపు మండుతోంది ప్రభువా అని చెప్పు. మనం మనుషుల దగ్గర గంటలు గంటలు వాపోతాం కానీ, దేవుడి దగ్గరికొచ్చేసరికి మర్యాద మాటలు మాట్లాడి లేచిపోతాం, దాంతో మంట లోపలే ఉండిపోతుంది. ఆసాపు అయితే, నా చేతులు శుభ్రంగా ఉంచుకున్నదంతా వృథాయేనా అని దేవుడినే అడిగాడు. నిన్ను తినేస్తున్నదీ అదే. నేను నిజాయితీగా ఉన్నాను కదా, నాకు రావాల్సిందేదీ అని లోపల లెక్క రాసుకుంటున్నావు. ఆ లెక్క ఉన్నన్నాళ్లూ ఈయన కాకపోతే ఇంకొకడి మీద పుడుతుంది ఈర్ష్య.

ఇంకో మాట. ఈ కీర్తన చెప్పేటప్పుడు చాలామంది 17, 18 వచనాల దగ్గర ఆగిపోతారు, దుర్మార్గుల అంతం చూశావా అని. నువ్వు అక్కడ ఆగకు. షావుకారు ఎప్పుడు పడతాడా అని కాచుకుని కూర్చుంటే నీ కళ్లు ఇంకా ఆయన మీదే ఉన్నట్టు. 23 నుంచి 26 దాకా నెమ్మదిగా చదువు, అక్కడికొచ్చేసరికి ఆసాపు వాళ్లని వదిలేసి, దేవుడు తన కుడిచెయ్యి పట్టుకున్న సంగతే మాట్లాడతాడు. నాకు ఊరట దొరికింది అక్కడే. షావుకారు వాట్సాప్ స్టేటస్ మ్యూట్ చెయ్యి, పొద్దున్నే అది చూసి రోజంతా టెన్షన్ పడటం దేనికి?

అసూయ వేరు, అన్యాయం వేరు. తప్పుడు కాటా దేవుడికి అసహ్యమని సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి మాటే చెప్తోంది. నీ చేత దొంగ తూకం రాయించబోతే రాయనని చెప్పు, గొడవ మాత్రం వద్దు. ఫిబ్రవరి, మార్చిలో సీజన్ జోరుగా ఉంటుంది, లెక్కలు తెలిసిన గుమాస్తా కావాల్సిన కొట్లు ఉంటాయి, ఇప్పట్నుంచే మెల్లగా వాకబు చెయ్యి.

ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల్ని తీసుకుని ఇంటికి రండి. జీతం, అద్దె, ఫీజు, అప్పు కాగితం మీద రాసుకుని రా, భోజనాలయ్యాక కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న