ఓడిపోయిన బిల్లులు ఏం చేశాయి? సెనేట్‌లో మేరీ రాబిన్సన్

గత సంచికలోని ఒక జవాబులో ఐర్లండు మాజీ అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ ప్రస్తావన వచ్చింది. అధ్యక్షురాలు కాకముందు చట్టసభలో ఆమె చేసిన కృషి ఏమిటని అడుగుతూ పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలు కావడంతో ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు ఐర్లండు రాజ్యాంగమే ఆధారమని ఏటా మా విద్యార్థులకు చెబుతుంటాను. మేరీ రాబిన్సన్ ఇరవై ఏళ్లు సెనేట్‌లో ఉన్నా, ఆమెకు పేరు తెచ్చిన బిల్లులు వీగిపోయాయని చదివాను. అలాంటప్పుడు ఆమెను చట్ట సంస్కర్త అనడం సబబేనా?
(కళాశాల అధ్యాపకురాలు, తెనాలి)

జవాబు: బిల్లులు వీగిపోయిన మాట నిజమే. అయినా ఆమెను సంస్కర్త అనడం సబబేనని మా అభిప్రాయం. దానికి కారణం తెలియాలంటే ఆమె సెనేట్‌లో అడుగుపెట్టడానికి రెండేళ్ల ముందు నుంచి మొదలుపెట్టాలి.

మేయో కౌంటీలోని బాలినా పట్టణంలో 1944లో, వైద్య దంపతుల ఇంట, కాథలిక్ కుటుంబంలో ఆమె పుట్టారు. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో న్యాయశాస్త్రం చదువుతూ, 1967లో అక్కడి న్యాయ విద్యార్థి సంఘానికి అధ్యక్షత వహించినప్పుడు, చట్టానికీ నీతికీ ఉన్న సంబంధంపై ఒక ప్రసంగం చేశారు. రాజ్యాంగంలోని విడాకుల నిషేధాన్ని తొలగించాలని, గర్భనిరోధక సాధనాలపై నిషేధాన్ని ఎత్తివేయాలని, స్వలింగ సంబంధాలను, ఆత్మహత్యాయత్నాన్ని నేరాల జాబితా నుంచి తీసేయాలని ఆ ప్రసంగంలో కోరారు. ఒక మతం పాపమని చెప్పినదాన్నల్లా ప్రభుత్వం నేరంగా శిక్షించకూడదన్నది ఆమె వాదం. ఆనాటి ఐర్లండులో ఇది చిన్న మాట కాదు. ప్రత్యేక అనుమతి లేకుండా కాథలిక్కులు ట్రినిటీలో చదవరాదని డబ్లిన్ ఆర్చిబిషప్ విధించిన ఆంక్ష 1970 దాకా అమలులో ఉంది.

హార్వర్డ్‌లో పైచదువు ముగించుకుని వచ్చాక, 1969లో, 25 ఏళ్ల వయసులో ఆమె ట్రినిటీలో న్యాయశాస్త్ర ఆచార్యురాలయ్యారు. అదే ఏడాది ఆ విశ్వవిద్యాలయ పట్టభద్రుల ఓట్లతో స్వతంత్ర అభ్యర్థిగా సెనేట్‌కు గెలిచి, 1989 వరకు కొనసాగారు. 1967లో కోరిన నాలుగు మార్పుల్లో ఏదీ ఆ ఇరవై ఏళ్లలో పూర్తిగా నెరవేరలేదు. గర్భనిరోధకాల విషయంలో మాత్రం సగం దూరం సాగింది. మిగిలిన సగంతో పాటు తక్కిన మూడూ 1993కూ 1996కూ మధ్య చట్టాలయ్యాయి. అప్పటికి దేశాధ్యక్షురాలి స్థానంలో ఉండి వాటిపై సంతకం చేసింది ఆమే. దేశం మనసు మార్చుకోవడానికి పట్టిన ఆ పాతికేళ్లలో, వాదనను చట్టసభలో సజీవంగా ఉంచినవారిలో ఆమె ముందువరుసలో ఉన్నారు.

ప్రశ్న: 1971లో ఆమె తెచ్చిన బిల్లును అచ్చు వేయడానికి కూడా సభ ఒప్పుకోలేదట. మన పార్లమెంటులో ప్రైవేటు మెంబరు బిల్లును (మంత్రి కాని సభ్యులు తెచ్చే బిల్లును) ప్రవేశదశలో అడ్డుకునే ఆనవాయితీ లేదు కదా, అక్కడ అలా ఎందుకు జరిగింది? అసలు ఆ బిల్లులో ఏముంది?
(న్యాయవాది, వరంగల్)

జవాబు: అక్కడ కూడా ప్రవేశదశ సాధారణంగా లాంఛనమే. ఆ లాంఛనాన్ని కూడా నిరాకరించారు కాబట్టే ఈ ఉదంతం చరిత్రలో నిలిచింది.

1935 నాటి క్రిమినల్ చట్ట సవరణ చట్టంలోని 17వ సెక్షన్ గర్భనిరోధక సాధనాల అమ్మకాన్ని, అమ్మకం కోసం దిగుమతి చేసుకోవడాన్ని నేరంగా ప్రకటించింది. ఈ విషయంపై సలహాలిచ్చే పుస్తకాలను, పత్రికలను సెన్సార్‌షిప్ చట్టాలు అంతకు ముందే నిషేధించాయి. నిషేధం అమలులో ఉన్నా జనం దారులు వెతుక్కున్నారు. నెలసరి క్రమబద్ధం చేసే మందు అన్న పేరుతో వైద్యులు మాత్రలు రాసిచ్చేవారు. చట్టం అమ్మకాన్ని నేరమంది కాబట్టి, 1969లో డబ్లిన్‌లోని మెరియన్ స్క్వేర్‌లో తెరిచిన క్లినిక్ సాధనాలను ఉచితంగా ఇచ్చి, వచ్చినవారి నుంచి విరాళం తీసుకునేది. 1971 మే నెలలో కొందరు మహిళలు రైలెక్కి, బ్రిటిష్ చట్టం వర్తించే బెల్‌ఫాస్ట్‌కు వెళ్లి, కొన్న సాధనాలను డబ్లిన్‌లోని కనలీ స్టేషన్‌లో కస్టమ్స్ అధికారుల ఎదుటే బహిరంగంగా చూపించారు. డబ్బూ చదువూ ఉన్నవారికి ఇలా ఏదో ఒక దారి దొరికేది. పల్లెటూరి పేద తల్లికి ఏ దారీ ఉండేది కాదు. ఇది ఆరోగ్య సమస్య అయినంతగా సమానత్వ సమస్య కూడా అని మేము భావిస్తున్నాము. అప్పటికే మన దేశంలో ప్రభుత్వమే గోడల మీద ఎర్ర త్రికోణం గీయించి కుటుంబ నియంత్రణను ప్రచారం చేస్తోందని గుర్తుచేసుకుంటే, అక్కడి పరిస్థితి ఎంత భిన్నమో తెలుస్తుంది.

సెనేటర్లు జాన్ హోర్గన్, ట్రెవర్ వెస్ట్‌లతో కలిసి రాబిన్సన్ తెచ్చిన బిల్లు ఈ నిషేధాన్ని సవరించాలని కోరింది. ఆ వసంతంలోనే డబ్లిన్ ఆర్చిబిషప్ జాన్ చార్ల్స్ మెక్వేడ్ అటువంటి చట్టం దేశానికి శాపమవుతుందని లేఖ రాసి చర్చిల్లో చదివించారు. యువ సెనేటర్‌కు ద్వేషం నిండిన ఉత్తరాలు వెల్లువెత్తాయి. బిల్లు నెలల తరబడి సభా కార్యక్రమాల పట్టికలో వాయిదా పడుతూ వచ్చి, చివరకు జులైలో ఓటింగుకు వచ్చినప్పుడు, ప్రవేశానికి అనుకూలంగా 14 మంది, వ్యతిరేకంగా 25 మంది ఓటు వేశారు. అక్కడి నిబంధనల ప్రకారం తొలిదశ దాటని బిల్లును అచ్చు వేయరు. అంటే, ఆ బిల్లులో ఏముందో చదివి తప్పొప్పులు చెప్పే అవకాశం సభ్యులకు కానీ ప్రజలకు కానీ లేకుండా పోయింది. ఒక ప్రతిపాదనను చర్చించి ఓడించడం సభకున్న హక్కే. చదవకుండానే మూసివేయడాన్ని మాత్రం ఎవరూ సమర్థించలేరని మా నమ్మకం.

మీరు చెప్పినట్టు, ప్రవేశదశలో అడ్డుకోకూడదన్న ఆనవాయితీ మన దగ్గర ఉన్న మాట వాస్తవమే. అయితే ప్రవేశం సులభమైనంత మాత్రాన ఫలితం దక్కదు. స్వాతంత్ర్యం వచ్చాక మన పార్లమెంటులో చట్టరూపం దాల్చిన ప్రైవేటు మెంబరు బిల్లులు 14 మాత్రమే. వాటిలో చివరిది 1970 నాటిది.

రాబిన్సన్ వెనక్కి తగ్గలేదు. 1973లో రెండో బిల్లు తెచ్చారు. ఈసారి తొలిదశ దాటింది, అచ్చయింది, చర్చకు వచ్చింది. ప్రభుత్వం తానే ఒక బిల్లు తెస్తానని చెప్పడంతో 1974 మార్చిలో రెండో దశలో ఓడిపోయింది. ఆ ప్రభుత్వ బిల్లు జులైలో దిగువ సభకు వచ్చినప్పుడు ఎవరూ ఊహించనిది జరిగింది. ప్రధాని లియమ్ కాస్‌గ్రేవ్ తన సొంత ప్రభుత్వ బిల్లుకే వ్యతిరేకంగా ఓటు వేశారు. 61కి 75 ఓట్లతో బిల్లు కూలిపోయింది. చివరకు 1979లో చార్ల్స్ హాహీ ఆరోగ్యమంత్రిగా తెచ్చిన చట్టం, వైద్యుని చీటీ ఉంటే, అదీ నిజమైన కుటుంబ నియంత్రణ కోసమైతేనే, మందుల దుకాణంలో సాధనాలు అమ్మవచ్చని అంది. కండోమ్‌కు కూడా చీటీ కావలసి వచ్చిన ఆ చట్టాన్ని 1985లో సడలించి, 18 ఏళ్లు నిండినవారికి చీటీ లేకుండా అమ్మే వీలు కల్పించారు. దిగువ సభలో అది 83-80 ఓట్లతో, అంటే కేవలం మూడు ఓట్ల తేడాతో గట్టెక్కింది. మిగిలిన ఆంక్షలు 1993లో దాదాపుగా తొలగిపోయాయి.

ప్రశ్న: ఈ మార్పుల్లో చాలా వరకు కోర్టు తీర్పుల వల్ల వచ్చినవే కదా? వాటిని సెనేట్‌లో ప్రసంగాల ఖాతాలో వేయడం న్యాయమా?
(విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: ప్రసంగాల ఖాతాలో మొత్తం వేయడం న్యాయం కాదు. ఉదాహరణకు 1973 డిసెంబరు నాటి మగీ కేసు తీర్పు. ఆరోగ్య కారణాల వల్ల మళ్లీ గర్భం దాల్చడం ప్రమాదమని వైద్యులు హెచ్చరించిన ఒక తల్లి, ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న గర్భనిరోధక ఔషధాన్ని కస్టమ్స్ అధికారులు స్వాధీనం చేసుకున్నారు. దంపతుల ఆంతరంగిక జీవితంలో ప్రభుత్వం ఇలా జోక్యం చేసుకోవడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వాదించిన వారిలో ముఖ్యులు షాన్ మెక్‌బ్రైడ్. రాబిన్సన్ కాదు.

అయితే ఆ తీర్పు దిగుమతి నిషేధాన్నే కొట్టివేసింది, అమ్మకంపై నిషేధం అలాగే మిగిలింది. సొంత వాడకానికి విదేశం నుంచి తెప్పించుకోవచ్చు కానీ సొంత వీధిలో కొనుక్కోలేని పరిస్థితి ఏర్పడింది. తీర్పు ఒక గోడను పడగొట్టగలదు. ఎవరు అమ్మాలి, ఎవరికి అమ్మాలి, ఏ ప్రమాణాలు పాటించాలి అన్నవి రాయవలసింది చట్టసభే. రాబిన్సన్ రెండో బిల్లు చర్చకు వచ్చే నాటికి ఆ తీర్పు వెలువడి ఉంది. ఇక చట్టం చేయకుండా తప్పించుకునే వీలు సభకు లేకపోయింది.

ఆమె విశిష్టత ఏమిటంటే, న్యాయవాదిగా ఒక చేత, సభ్యురాలిగా మరొక చేత ఒకే పనిని ముందుకు నడిపించారు. 1927 నాటి చట్టం ప్రకారం స్త్రీలు తామై దరఖాస్తు చేసుకుంటే తప్ప జూరీలో ఉండేవారు కారు. ఇది చెల్లదని సుప్రీంకోర్టు తేల్చిన దె బూర్కా కేసులో ఆమె న్యాయవాది. తీర్పు తర్వాత 1976లో కొత్త జూరీల చట్టం వచ్చింది. ఐరీ కేసు ఇంకా ముఖ్యమైనది. హింసించే భర్త నుంచి న్యాయబద్ధంగా విడిపోవాలనుకున్న కార్క్ మహిళకు, హైకోర్టులో వాదించేందుకు లాయరును పెట్టుకునే స్తోమత లేదు. కోర్టు తలుపు తెరిచే ఉంది, ఎవరైనా స్వయంగా వాదించుకోవచ్చు కదా అని ప్రభుత్వం అంది. పేదవారికి ఆచరణలో ఉపయోగపడని హక్కు హక్కే కాదన్న వాదనను 1979లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం అంగీకరించింది. సివిల్ కేసుల్లో ఉచిత న్యాయ సహాయ పథకం ఆ దేశంలో మొదలైంది ఈ తీర్పు వల్లనే. స్వలింగ సంబంధాలను నేరంగా పరిగణించిన పాత చట్టంపై డేవిడ్ నోరిస్ సుప్రీంకోర్టులో 1983లో ఓడిపోయి, 1988లో స్ట్రాస్‌బర్గ్‌లో గెలిచినప్పుడు కూడా న్యాయవాది ఆమే. నోరిస్ 1987లో అదే ట్రినిటీ స్థానం నుంచి సెనేటర్ కావడంతో, రెండేళ్లు వాదీ న్యాయవాదీ ఒకే సభలో కూర్చున్నారు.

సభలో ఆమె చెప్పినా దేశం వినని మాట ఒకటుంది. 1983లో గర్భస్థ శిశువు ప్రాణహక్కును తల్లి ప్రాణహక్కుతో సమానం చేస్తూ రాజ్యాంగ సవరణ ప్రతిపాదించినప్పుడు, దాని భాష అస్పష్టంగా ఉందని, రాజ్యాంగంలో ఉంచదగినది కాదని ఆమె వాదించారు. రిఫరెండంలో సుమారు మూడింట రెండు వంతుల మంది సవరణను ఆమోదించారు. ఆ వాక్యానికి అర్థమేమిటో తేల్చడానికి 1992లో సుప్రీంకోర్టు తలపట్టుకోవలసి వచ్చింది. 2012లో కర్ణాటకకు చెందిన దంత వైద్యురాలు సవితా హలప్పనవర్, గర్భం నిలవదని తెలిసినా గర్భవిచ్ఛిత్తి నిరాకరించిన ఆస్పత్రిలో సెప్సిస్‌తో మరణించినప్పుడు మన పత్రికలన్నీ ఆ సవరణ గురించి రాశాయి. 2018లో ప్రజలే దానిని తొలగించారు.

ప్రశ్న: ఉద్యోగరీత్యా డబ్లిన్‌లో ఉంటున్నాను. ఇక్కడి సెనేట్‌కు పెద్ద అధికారాలు లేవని సహోద్యోగులు అంటారు. మన శాసనమండలిలాగానే దీన్ని కూడా రద్దు చేయాలన్న వాదన ఉందా?
(ఒక పాఠకుడు, డబ్లిన్)

జవాబు: ఉంది. 60 మంది సభ్యుల ఆ సభ సాధారణ బిల్లును 90 రోజులు ఆపగలదు, అంతకు మించి అడ్డుకోలేదు. 2013లో రద్దుపై జరిగిన రిఫరెండంలో 51.7 శాతం మంది సభ ఉండాలనే తీర్పునిచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఇటువంటి నిర్ణయం ప్రజల ఓటుతో జరగలేదు. 1985లో మండలి రద్దు కావడం, 2007లో తిరిగి ఏర్పడడం రెండూ శాసనసభ తీర్మానాల మీద, పార్లమెంటు చట్టాల మీద ఆధారపడి జరిగాయి.

మన మండలికి పట్టభద్రుల స్థానాలున్నట్టే అక్కడ విశ్వవిద్యాలయ పట్టభద్రులకు ఆరు స్థానాలున్నాయి. చదువుకున్నవారికి అదనపు ఓటు ఎందుకన్న అభ్యంతరం సమంజసమే. కానీ రాబిన్సన్ విషయంలో ఆ స్థానమే కీలకమైంది. 1977లోను, 1981లోను ఆమె లేబర్ పార్టీ తరఫున దిగువ సభకు పోటీ చేసి ఓడిపోయారు. బ్రిటన్‌తోనే కలిసి ఉండాలని కోరే ఉత్తర ఐర్లండు యూనియనిస్టులను సంప్రదించకుండా, ఆ ప్రాంతం విషయమై బ్రిటన్‌తో 1985లో ఆంగ్లో ఐరిష్ ఒప్పందం చేసుకోవడం సరికాదని ఆ పార్టీని వదిలేసినప్పుడు కూడా ఆమె సెనేట్ స్థానం చెక్కుచెదరలేదు, ఎందుకంటే అది పార్టీ ఇచ్చింది కాదు. ఆ ఆరు స్థానాలను మిగతా విద్యాసంస్థల పట్టభద్రులకు కూడా విస్తరించవచ్చని 1979లోనే రాజ్యాంగాన్ని సవరించినా, దానికి తగిన చట్టం మాత్రం దశాబ్దాల పాటు రాలేదు. 2023లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 2024లో ఆ చట్టం చేశారు.