తెగులు పుట్టిల్లు వెతికే చదువు

ప్రశ్న: మాది గుణుపురం. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్. పంట తెగుళ్ల శిలీంధ్రాలు ఎక్కడ పుట్టాయో, ఎలా పాకాయో పరిశోధిస్తానంటోంది. బాటనీలో చేర్చాలా, అగ్రికల్చర్‌లోనా? బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: అగ్రికల్చరే మేలండీ. మూలాలు వెతకడమే పనిగా ఉండే ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్లాంట్ పాథాలజీ (మొక్కల తెగుళ్ల శాస్త్రం) చేతిలో ఉంటే అన్నానికి లోటుండదు, ఆ ఎమ్మెస్సీకి సాధారణంగా బీఎస్సీ అగ్రికల్చరే అడుగుతారు. మొదటి గురి భువనేశ్వర్‌లోని ప్రభుత్వ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఓయూఏటీ. పర్లాకిమిడి సెంచూరియన్ యూనివర్సిటీ మీకు దగ్గరే గానీ ప్రైవేటు, ఫీజు చూసుకోండి. సీటు రాకపోతే బాటనీలో ఎమ్మెస్సీ చదివి, పరిశోధన ఫెలోషిప్‌కు పెట్టే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష రాయొచ్చు. ఆ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలు.

ఇక అసలు పని. వరి అగ్గితెగులు శిలీంధ్రం కొర్ర జాతి మీద బతికే వంశం నుంచి చీలి వచ్చిందని జన్యు పరిశోధనల్లో తేలింది. కాబట్టి వరి ఆకులే ఏరితే పుట్టిల్లు దొరకదు. మీ కొండచేలల్లో చోళ్లు, కొర్రలు, గట్టు మీది గడ్డి, అన్నీ చూడాలి. ఆకును కాగితం కవర్లోనే పెట్టాలి. ప్లాస్టిక్‌లో అయితే చెమ్మకు వేరే బూజులు పట్టేస్తాయి. కవరు మీద తేదీ, పంట, రకం, జీపీఎస్ రాయాలి. ల్యాబ్‌లో మచ్చ నుంచి ఒకే ఒక్క స్పోరును (శిలీంధ్రానికి విత్తనం లాంటిది) విడదీసి పెంచాలి. రెండు కలిశాయా, డీఎన్‌ఏ కలగాపులగమై వంశవృక్షం తప్పుతుంది. శిలీంధ్రాల జాతిని గుర్తించడానికి వాడే ఐటీఎస్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క ఒక్కటే చదివితే ఈ వంశాలు విడిపడవు, జీనోమ్ (డీఎన్‌ఏ అంతా) మొత్తం కావాలి.

జన్యు వైవిధ్యం ఎక్కువున్నచోటే పాత ఇల్లని ఊహిస్తారు. బోల్తా పడేదీ అక్కడే: ఒక ఊళ్లో 200 నమూనాలు, ఇంకో దేశంలో 5 తీస్తే ఆ ఊరే పుట్టిల్లులా కనబడుతుంది. అందుకే లెక్కలు, స్టాటిస్టిక్స్ వదలనివ్వకండి. స్టాటిస్టిక్స్ లెక్కలు చేసే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ ఉచితమే, సెలవుల్లో మొదలుపెట్టొచ్చు.

దీంతో ఏం ఒరుగుతుందని చుట్టాలు అడుగుతారు. గోధుమ అగ్గితెగులు 1985లో బ్రెజిల్‌లో బయటపడి, 2016లో బంగ్లాదేశ్‌లో దిగింది. జీనోములు పోల్చాకే అది దక్షిణ అమెరికా వంశమని తేలింది. దిగుమతుల్లో తెగుళ్లు రాకుండా చూసే క్వారంటైన్ వాళ్లకు ఏ దేశపు గింజను ఆపాలో తెలిసేది ఇలాంటి పనితోనే.

ఈ ఖరీఫ్‌లో పాపకు ఒక భూతద్దం కొనివ్వండి. వరి ఆకు మీద మచ్చ నూలుకండె ఆకారంలో, నడుమ బూడిదరంగులో ఉంటే అగ్గితెగులు. నువ్వుగింజంత, గుండ్రంగా, గోధుమరంగులో ఉంటే గోధుమ మచ్చ తెగులు. ముదిరిన గోధుమ మచ్చకూ నడుమ బూడిదరంగు రావచ్చు, అప్పుడు ఆకారాన్నే నమ్మమనండి.