స్టార్టప్ మీటప్‌కి జనం తగ్గిపోతుంటే ఏం చేయాలి?

మొదటి మీటప్‌కి 40 మంది వచ్చారు, ఐదోదానికి ఆరుగురే మిగిలారు, హాలు అద్దె సొంత జేబులోంచి పోతోంది, ఆపేయాలా అని మీరు అడిగారు. ఆపకండి. ముందు ఆ హాలు మానేయండి.

మేమూ మొదట మీలాగే హాలు తీసుకున్నాం. మాదాపూర్‌లో హోటల్ హాలు, మైకు, బఫే. వచ్చినవాళ్ళలో సగం మంది తమ సర్వీసులు అమ్ముకోవడానికే వచ్చారు. కోడ్ రాసేవాళ్ళు రెండోసారి మొహం చూపించలేదు. ఇప్పుడు బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో చాయ్, సమోసాలతో కూర్చుంటున్నాం. ప్రసంగాలు లేవు. ఒకరు తమ ప్రాడక్ట్ చూపించి ఎక్కడ ఇరుక్కున్నారో చెబుతారు, మిగతావాళ్ళం గంటసేపు దాని మీదే పడతాం. పోయినసారి ఒకబ్బాయి కిరాణా కొట్ల బిల్లింగ్ యాప్ తెచ్చాడు. లాగిన్ దగ్గరే జనం వదిలేస్తున్నారట. కారణం అక్కడే దొరికింది: ఓటీపీ వచ్చే ఫోన్ ఓనరు జేబులో ఉంటుంది, బిల్లు కొట్టేది కౌంటర్ దగ్గరి కుర్రాడు!

టీ-హబ్ ఉండగా మన మీటప్ ఎందుకు అని కూడా అడిగారు. 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో మొదలై, 2022లో రాయదుర్గం కొత్త భవనంలోకి మారిన, స్టార్టప్‌లకి చేయూతనిచ్చే సంస్థ అది. ఇన్వెస్టర్ల పరిచయాలకి వెళ్ళాల్సిందే. మీ గుంపులో మహిళా ఫౌండర్లుంటే వీ-హబ్‌కి, హార్డ్‌వేర్ వాళ్ళుంటే టీ-వర్క్స్‌కి పంపండి. కానీ 'నా యాప్ ఎవరూ వాడట్లేదు' అని మొహమాటం లేకుండా చెప్పుకోవడానికి చిన్న గుంపే నయం.

తేదీ మాత్రం మార్చకండి. మాది రెండో శనివారం సాయంత్రం, వానొచ్చినా సరే. ఆ ఆరుగురిలో ఇద్దరికి వచ్చే నెల బాధ్యత అప్పగించి చూడండి.