లంక పొగాకు సిగారుకు పైచుట్టు ఆకు ఎంపిక: రైతు సందేహం, నిపుణుల సలహా

ప్రశ్న: మాది తూర్పు గోదావరి జిల్లాలో గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామం. రెండెకరాల్లో తాతల నాటి నుంచి లంక పొగాకు పండిస్తున్నాము. కొనుగోలుదారు కోరిన రుచికి తగినట్టు రకరకాల ఆకు కలిపి చేతితో సిగార్లు చుట్టించే చెన్నై వ్యాపారి ఒకరు ఈ ఏడు మా ఆకు తీసుకున్నారు. లోపల వేసిన పొగాకు బాగుందన్నారు గాని, పైన చుట్టడానికి ఇచ్చిన ఆకు పగులుతోందని, ఒక పక్కనే కాలి మధ్యలో ఆరిపోతోందని, నాలుకకు చేదు తగులుతోందని వెనక్కి పంపారు. పైచుట్టుకు మేము చేనులోకెల్లా పెద్దవి, దళసరివి అయిన కొస ఆకులే ఏరి ఇచ్చాము. మొక్కలు అన్ని వైపులా 90 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. దుక్కిలో 10-26-26, పైపాటుగా యూరియా, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేశాము. జనవరి నుంచి బోరు నీరు పెట్టాము. పైచుట్టుకు ఏ ఆకు ఎంచుకోవాలి? విదేశీ ఆకు కొనుక్కోమని వ్యాపారికి చెప్పేయడమే మేలా?

జవాబు: రైతు గారికి నమస్కారం. ఆకు వెనక్కి వచ్చిన బాధ మీ ఉత్తరంలో కనిపిస్తున్నది. అయితే మీరు వేసిన ఎరువులు, పెట్టిన నీరు, ఏరిన ఆకు దాచకుండా రాయడం వల్ల కారణాలు చాలావరకు ఇక్కడి నుంచే చెప్పగలుగుతున్నాను. మీ ఆకు చెడ్డది కాదు. లోపల వేయవలసిన ఆకును పైన చుట్టారు, అంతే. సిగారులో మూడు భాగాలుంటాయి. రుచికీ ఘాటుకూ ఆధారమైన లోపలి పొగాకును వ్యాపారులు ఫిల్లర్ అంటారు, దానిని అణచి ఆకారంలో పట్టి ఉంచే కట్టు ఆకును బైండర్ అంటారు, అన్నింటిపైన కనబడే పైచుట్టు ఆకును ర్యాపర్ అంటారు. ఈ మూడో ఆకు బరువులో చాలా కొద్దిదే అయినా పెదవికి తగిలేది అదే, నిప్పును చుట్టూ సమంగా నడిపించవలసినదీ అదే. అందువల్ల దానిని ఎంచుకునేటప్పుడు మొదట కాలే గుణం, తరువాత పలచదనం, సాగే గుణం, సన్నని ఈనెలు, ఒకే తీరు రంగు చూడాలి. ఘాటు చూడవలసింది అన్నింటికంటే చివర. మీరు ఈ వరుసను తలకిందులు చేశారు.

లంక పొగాకు ఘాటుకు పెట్టింది పేరు. మద్రాసు రాజధాని రోజుల్లో గోదావరి లంకల ఆకుతో చుట్టిన చుట్టకు ఇంగ్లీషువారు లుంకా అని పేరు పెట్టి, ఆ మాటను తమ నిఘంటువులోకి కూడా ఎక్కించుకున్నారు. తక్కువ ఆకులు ఉంచి తల తుంచి, పిలకలు ఎప్పటికప్పుడు తీసివేస్తే మొక్క బలమంతా మిగిలిన ఆకులలోకి చేరి, అవి దళసరిగా, నికోటిన్ ఎక్కువగా తయారవుతాయి. అన్నింటికంటే కొసన ఉన్న ఆకులలో ఈ గుణం మరీ ఎక్కువ. లోపలి పొగాకుకు అది అవసరమే. పైచుట్టుకు వాడితే మాత్రం దళసరి ఆకు ఒంపు తిరిగే చోట విరుగుతుంది, నెమ్మదిగా కాలుతుంది, చేదును నేరుగా నాలుక మీద పెడుతుంది. అడుగు ఆకులు పలచగానే ఉంటాయి గాని మట్టి అంటి, చిరుగులు పడి, సత్తువ లేకుండా ఉంటాయి. కాబట్టి పైచుట్టుకు నడిమి ఆకులే తగినవి. అవి కూడా మామూలు చేనులో నుంచి ఏరినవి కాకుండా, ఆ పనికోసమే పెంచిన మడిలోవి అయితే మేలు.

సిగారు మధ్యలో ఆరిపోవడానికి ఆకు మందం ఒక్కటే కారణం కాకపోవచ్చు. నా అనుమానం ఎక్కువగా క్లోరైడు మీదనే ఉన్నది. ఆకులో క్లోరైడు ఎక్కువైతే అది గాలిలోని తేమను పట్టి ఉంచుకుంటుంది, రంగు మురికిగా తేలుతుంది, నిప్పు నిలవదు. సాధారణంగా 2 శాతం దాటితే ఆకు కాలడం స్పష్టంగా దెబ్బతింటుంది. పొటాష్ దీనికి సరిగ్గా ఎదురు పని చేసి నిప్పును నిలబెడుతుంది. అయితే ఆ పొటాష్‌ను మీరు ఏ రూపంలో ఇచ్చారన్నది ముఖ్యం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో సగానికి కాస్త తక్కువగా క్లోరినే ఉంటుంది, అంటే మేలు చేసే పోషకంతో పాటు కీడు చేసేదానిని కూడా మీ చేతులతోనే నేలకు ఇచ్చారు. 10-26-26 వంటి కాంప్లెక్సు ఎరువులలో కూడా పొటాష్ సాధారణంగా మ్యూరేట్ నుంచే వస్తుంది గనుక, పైపాటున మ్యూరేట్ మానేసినంత మాత్రాన సరిపోదు. పైచుట్టు ఆకు పెంచే మడికి డీఏపీ లేదా సూపర్ ఫాస్ఫేటుతో భాస్వరాన్ని, సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌తో పొటాష్‌ను విడివిడిగా ఇవ్వండి. ధర ఎక్కువే, కాని మడి చిన్నది గనుక భారం కాదు. నత్రజనిని పంట చివరి దశ దాకా సాగదీయవద్దు, ఆకు ముదరక పచ్చదనం ఆరబెట్టిన తరువాత కూడా మిగిలిపోతుంది.

బోరు నీటిని కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. వరద మేట వేసిన ఒండ్రు నేల, గోదావరి నీరు పొగాకుకు వరమే. సముద్రపు పోటు ప్రభావం ఉన్న దిగువ లంకలలో బోరు నీరు వేసవి దగ్గరపడే కొద్దీ ఉప్పెక్కుతుంది. నీటిలో క్లోరైడు 50 పీపీఎం (పది లక్షల భాగాలలో 50 భాగాలు), నేలలో 100 పీపీఎం దాటకూడదన్నది పొగాకుకు మేము పెట్టుకునే హద్దు. నోటికి ఉప్పగా తగలనంత మాత్రాన నీరు మంచిదని అనుకోవద్దు. ఈ మోతాదు నాలుకకు తెలియదు.

మడిని ఎలా పెంచాలన్న విషయానికి వస్తే, మొదటి ఏడు 10 సెంట్లు చాలు. 90 సెంటీమీటర్ల సాళ్లలో మొక్కకూ మొక్కకూ 60 సెంటీమీటర్ల దూరం పెడితే సుమారు 750 మొక్కలు పడతాయి. కాస్త దగ్గరగా ఉన్న మొక్కలు ఒకదానికొకటి నీడనిచ్చుకొని ఆకు పలచబడుతుంది. పూమొగ్గ కనిపించాక, ఇప్పుడు మీరు ఉంచుతున్న వాటికంటే నాలుగైదు ఆకులు ఎక్కువ ఉంచి తల తుంచండి. మొక్కకు నాలుగైదు నడిమి ఆకులు ఏరి, వాటిలో సగం తిరస్కరించినా రెండు మంచి ఆకులు మిగులుతాయి. ఈనె తీసిన ఒక్కో ఆకు రెండు సగాలుగా రెండు సిగార్లకు సరిపోతుంది గనుక, 10 సెంట్ల నుంచి సుమారు 3,000 సిగార్లకు పైచుట్టు లభిస్తుంది. ఇది నేను వేసిన అంచనా మాత్రమే. లద్దె పురుగు ఒక్క రాత్రి తిన్నా ఈ లెక్క మారిపోతుంది. లోపలి పొగాకుకు చిల్లులు పడితే నష్టం కొద్దిదే గాని, పైచుట్టు ఆకుకు ఒక్క చిల్లు పడినా అది పనికిరాదు. చుట్టూ ఎర పంటగా ఆముదం వేసి, దాని మీద కనిపించిన గుడ్ల సముదాయాలను, పిల్ల పురుగులను ఆకుతో సహా తుంచి నాశనం చేయండి, లింగాకర్షక బుట్టలు పెట్టండి. కప్పకన్ను మచ్చలు అనే ఆకుమచ్చ తెగులు రాకుండా అడుగు ఆకులను ముందుగానే తీసివేసి గాలి ఆడనివ్వండి. మొజాయిక్ తెగులు చేతుల ద్వారా పాకుతుంది. నాట్లప్పుడు చుట్ట, బీడీ కాల్చిన చేతులతో నారు పట్టుకోవడం మన ఊళ్లలో మామూలే, ఆ చుట్టలోని పొగాకు నుంచే వైరసు లేత మొక్కకు అంటగలదు. నారు ముట్టుకునే ముందు అందరిచేతా సబ్బుతో చేతులు కడిగించండి.

నీడ గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని కనెటికట్ నది లోయలో 1900 నుంచి సుమత్రా విత్తనాన్ని పలుచని గుడ్డ పందిళ్ల కింద పెంచడం మొదలుపెట్టారు. ఎండ పలచబడి, తేమ నిలిచి, ఆకు వెడల్పుగా, సన్నని ఈనెలతో పట్టులా వచ్చింది. ఈక్వడార్‌లో మబ్బే పందిరి పని చేస్తుంది. మన దేశంలో పైచుట్టు ఆకు మీద పరిశోధన పశ్చిమ బెంగాల్‌లోని కూచ్ బెహార్ జిల్లా దిన్‌హటా కేంద్రంలో జరగడానికి కూడా అక్కడి చల్లని, తేమ గల శీతకాలమే కారణం. సిగారు, చుట్ట పొగాకు మీద తమిళనాడులోని వేదసందూరు కేంద్రం పని చేసింది. ఈ రెండూ రాజమహేంద్రవరంలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థగా ఏర్పడిన సంస్థ కింద పని చేసినవే. మీరు రెండు సెంట్ల మీద వెలుతురును నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గించే షేడ్ నెట్ వేసి చూడవచ్చు. మొదటి ఏడు అంతకు మించి ఖర్చు పెట్టమని నేను చెప్పను.

ఆకు కోసేటప్పుడు మంచు తడి ఆరిన తరువాతే చేనులోకి దిగండి. తడి ఆకు మీది నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి చేరి తల తిరగడం, వాంతులు కలిగిస్తుంది. కోతకు వచ్చే ఆడవారికి గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కాలు ఇవ్వడం మీ బాధ్యత. ఈ పంట పండించేవారికీ, తాగేవారికీ చేసే హాని విషయంలో నేను ఎవరికీ మెత్తగా చెప్పను. 18 ఏళ్ల లోపువారికి అమ్మకూడదని, పెట్టెపై బొమ్మలతో హెచ్చరిక ఉండాలని చెప్పే 2003 నాటి చట్టం చేతితో చుట్టిన సిగారుకూ వర్తిస్తుంది. ఈ సంగతి వ్యాపారికి కూడా చెప్పండి.

కోసిన ఆకును ఎండలో ఆరబెట్టవద్దు. ఫిబ్రవరి, మార్చి గాలికి పైపొర త్వరగా ఎండిపోయి, లోపల పచ్చదనం అలాగే నిలిచి, ఆకు పెళుసుబారుతుంది. మీ ఆకు పగలడానికి సగం కారణం ఇదే అయి ఉండవచ్చు. తోరణాలు కట్టి, నీడలో, గాలి ఆడే పాకలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వండి. వడగాలి రోజుల్లో తడి గోనెసంచులు కట్టండి, ముసురు రోజుల్లో తడికలు తీసి గాలి రానివ్వండి. తరువాత ఆకును మగ్గడానికి కుప్పగా పేర్చి మండె కట్టినప్పుడు మధ్యలో థర్మామీటరు పెట్టి, 45 డిగ్రీల సెల్సియస్ చేరగానే తిరగవేయండి. పైచుట్టు ఆకు అంతకు మించిన వేడికి నల్లబడి బలం కోల్పోతుంది. మండె విప్పినప్పుడు ముక్కుకు ఘాటుగా తగిలే అమ్మోనియా వాసన పోయేదాకా ఈ పని ఆపకూడదు. మీ ఆకు చేదుకు, కొస ఆకు గుణంతో పాటు, మండె అరకొరగా మగ్గడం కూడా కారణమై ఉంటుంది. కొన్ని వందల కిలోలు లేనిదే మండె వేడెక్కదు, కాబట్టి మీ తోటి రైతులు ఒకరిద్దరితో కలిసి కట్టడం మంచిది.

ఇక ఏరడం. ఆకు పదునుకు, అంటే విరగకుండా వంగేటంత మెత్తదనానికి, వచ్చినప్పుడు మాత్రమే ఏరండి. ఆకును అరచేతి మీద పరచి వేళ్లతో మెల్లగా లాగితే సాగి మళ్లీ దగ్గరకు రావాలి. వెలుతురుకు ఎత్తి పట్టి చిల్లులు, మచ్చలు చూడండి. పక్క ఈనెలు దారంలా సన్నగా ఉండాలి. ప్రతి రకం నుంచి కొన్ని ఆకులను ఒకే విధంగా ఆరనిచ్చి, అంచుకు నిప్పు తగిలించి, మంట లేకుండా నిప్పు ఎన్ని సెకన్లు పాకుతూ నిలుస్తుందో లెక్కపెట్టండి. రెండు మూడు సెకన్లకే ఆరిపోయే ఆకును, ఎంత అందంగా ఉన్నా సరే, పైచుట్టుకు ఇవ్వవద్దు. మధ్య ఈనె తీశాక ఎడమ సగాలు, కుడి సగాలు వేరువేరు కట్టలుగా కట్టండి. ఈ రెండింటినీ ఎదురెదురు దిశల్లో చుట్టవలసి ఉంటుంది. నునుపు వైపు బయటకు, ఆకు కొస నిప్పంటించే చివర వైపు వచ్చేలా చుట్టడం వాడుక. చుట్టిన తరువాత కూడా పగుళ్లు వస్తే, లోపలి పొగాకు పైచుట్టు కంటే తడిగా ఉండి ఉబ్బిందేమో చూడమని వ్యాపారికి చెప్పండి. ఆ తప్పు మీది కాదు.

విదేశీ ఆకు గురించి అడిగారు. మీ లోపలి పొగాకు ఘాటైనది, నెమ్మదిగా కాలేది. దాని మీద మెక్సికో సాన్ ఆండ్రెస్ ఆకు వంటి దళసరి, నల్లని మదురో ఆకు చుట్టితే రెండు నెమ్మదులు కలిసి నిప్పు ఆరిపోయే ప్రమాదం ఉంది. కనెటికట్ నీడ ఆకు గానీ ఈక్వడార్ ఆకు గానీ సౌమ్యంగా, చురుగ్గా కాలుతాయి గనుక దీనికి జోడు కుదురుతాయి. సుమత్రా ఆకు కాస్త కారంగా ఉంటుంది. అందువల్ల ఈ ఏడాదికి వ్యాపారిని సౌమ్యమైన విదేశీ ఆకునే వాడుకోమనండి, మీ లోపలి పొగాకు అమ్మకం ఆగదు. మీ మడి ఆకు వచ్చాక, అదే లోపలి పొగాకు, అదే కట్టు ఆకు, అదే సైజుతో పైచుట్టు మాత్రం మార్చి, మీ ఆకుతో పది, విదేశీ ఆకుతో పది చుట్టించి, ఒకే తేమలో నాలుగు వారాలు ఉంచి పోల్చమని అడగండి. ఒకేసారి రెండు మూడు మార్పులు చేస్తే ఏది మేలు చేసిందో ఎవరికీ తెలియదు. రుచి చూడడం వ్యాపారి పని, దానికోసం మీరు కాల్చనవసరం లేదు. ఆ పోలికలో నెగ్గిన తరువాతే, అది కూడా ధర, పరిమాణం కాగితం మీద రాయించుకున్న తరువాతే, మడిని 10 సెంట్ల నుంచి పెంచండి. మిగిలిన చేనును ఎప్పటిలాగే లోపలి పొగాకుకు ఉంచుకోండి, మీ పేరు నిలిచింది దానితోనే.

నారు పోయడానికి ముందే నీటి పరీక్ష ఫలితం చేతికి రావాలి. బోరు నీరు అత్యంత ఉప్పగా మారేది వేసవిలో గనుక నమూనా కూడా ఏప్రిల్, మే నెలల్లో తీయండి. మోటారు పావుగంట నడిపించాక, అదే నీటితో రెండు మూడు సార్లు కడిగిన శుభ్రమైన సీసాలో లీటరు పట్టి, సర్వే నంబరు, తేదీ రాసి, చేను మట్టి నమూనాతో పాటు భూసార పరీక్షా కేంద్రానికి ఇచ్చి, క్లోరైడు కూడా చూడమని ప్రత్యేకంగా అడగండి. 50 పీపీఎం దాటితే ఈ మడిని బోరు కింద వేయవద్దు, నది నీరు అందే చెక్కలోకి మార్చండి.