ఇరవై ఏళ్ల తరవాత సింగపూర్‌లో మా రోచోర్

విదేశంలో ఒకప్పుడు ఏళ్ల తరబడి ఉన్న పేటకి చాలాకాలం తరవాత వెళ్తే ఎలా ఉంటుంది, అసలు వెళ్లడం మంచిదేనా అని అడిగారు. నేను వెళ్లొచ్చాను. మీరూ తప్పకుండా వెళ్లండి. కాకపోతే ఒక్క పూటలో చూసేసి వచ్చేద్దామనుకోకండి. నా మొదటి పూట అలాగే వృథా అయింది.

1999 నుంచి 2004 దాకా రోచోర్ సెంటర్‌లో ఒక గది అద్దెకి తీసుకుని ఉన్నాను. 1977లో కట్టిన నాలుగు హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) బ్లాకులు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. కింద దుకాణాలు, పైన కాపురాలు. దారి తెలియనివాళ్లు కూడా బస్సులోంచి ఆ రంగులు కనబడగానే దిగిపోవచ్చు. నాది నీలం బ్లాకు. ఇంటావిడ ఒక చైనీస్ పెద్దావిడ. అక్కడ పెద్దవాళ్లని ఎవరినైనా ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, నేనూ ఆంటీ అనేవాణ్ణి. వంట చేసుకోకూడదనే షరతు మీద గది ఇచ్చింది. నెల తిరక్కుండానే స్టవ్వు పక్కన నా పోపు డబ్బాకి తనే చోటు చేసి పెట్టింది.

నేనున్న రోజుల్లో పక్కనే ఉన్న మనవాళ్ల పేట లిటిల్ ఇండియా వైపంతా తవ్వకాలే. నార్త్ ఈస్ట్ లైన్ అనే మెట్రో రైలు మార్గం పనులవి. 2003 జూన్ 20న లిటిల్ ఇండియా స్టేషన్ తెరిచిన సాయంత్రం, ఏ పనీ లేకపోయినా ఫేరర్ పార్క్ దాకా ఒక్క స్టేషన్ రైలెక్కి, నడుచుకుంటూ ఇంటికొచ్చాను. అంత సంబరంగా ఉండేది.

మళ్లీ వెళ్లింది 2024లో. మా బ్లాకులు లేవని తెలిసే వెళ్లాను. పడగొడతామని 2011లోనే ప్రకటించారు, 2016 చివరికల్లా అందరూ ఖాళీ చేశారు, 2018లో కూల్చడం మొదలైంది. డౌన్‌టౌన్ లైన్ మెట్రోలో వచ్చి రోచోర్ స్టేషన్‌లో దిగాను. నా కాలంలో ఆ స్టేషనే లేదు. పైకి వచ్చాక ఎటు తిరగాలో తోచలేదు. ఆ రంగులు చూసి దిక్కులు గుర్తుపట్టడమే నాకు అలవాటు. అవి లేకపోయేసరికి, ఎలక్ట్రానిక్స్ దుకాణాల సిమ్ లిమ్ స్క్వేర్ కళ్లెదుట కనబడుతున్నా నేను ఎటువైపు నిలబడ్డానో అర్థం కాలేదు. ఇల్లున్న చోట 21.5 కిలోమీటర్ల నార్త్ సౌత్ కారిడార్ అనే పెద్ద రోడ్డు పనులు జరుగుతున్నాయి, చుట్టూ అడ్డు కట్టేశారు. నేను మొదటి ఫ్యాను కొనుక్కున్న సుంగై రోడ్డు పాత సామాన్ల సంత 2017 జూలైలోనే మూతపడింది. అరగంట తిరిగి హోటల్‌కి వెళ్లిపోయాను. ఇక్కడ నాకేమీ మిగల్లేదనిపించింది.

ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. నేను వెళ్లింది మంగళవారం పొద్దున్న పదకొండింటికి. ఆ ఐదేళ్లలో మంగళవారం పదకొండింటికి నేనెప్పుడైనా అక్కడున్నానా? ఆ వేళకి ఆఫీసులో ఉండేవాణ్ణి. నాకు తెలిసిన రోచోర్ అంతా సాయంత్రాలు, ఆదివారాలు.

ఆదివారం సాయంత్రం వెళ్లాను. లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డు మీద అడుగు పెడితే జనం తోసుకెళ్లినట్టే ముందుకెళ్లాలి, అప్పుడూ అంతే. సెలవు దొరికిన కూలీలు గుంపులు గుంపులుగా కూర్చుని ఇంటికి మాట్లాడుకుంటున్నారు. మేం ఫోన్ కార్డు మీద పూత గీకి, ఆ పొడుగాటి నంబరు నొక్కి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడేవాళ్లం. వీళ్లు పిల్లల్ని తెర మీద చూసుకుంటూ నవ్వుతున్నారు. చాలా సంతోషమేసింది నాకు.

తరవాత ఆంటీ సంగతి. రోచోర్ వాళ్లలో చాలామందికి కలాంగ్ ట్రైవిస్టా అనే చోట కొత్త ఇళ్లిచ్చారు. అక్కడికీ వెళ్లాను. తపాలా పెట్టెల మీద ఇంటి నంబర్లే తప్ప పేర్లుండవు, ఎవరినని అడగను? అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ చైనీస్ నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు గుడి మానేది కాదు. అంటే ఇంచుమించు మన అమావాస్య, పౌర్ణమి. వాటర్లూ స్ట్రీట్‌లో కరుణా దేవత క్వాన్ ఇమ్ గుడి ఉంది, దాని పక్కనే మన శ్రీకృష్ణుడి గుడి. చైనీస్ భక్తులు అక్కడ మొక్కుకుని, ఇక్కడికి వచ్చి కృష్ణుడికీ అగరుబత్తులు వెలిగిస్తారు. ఆంటీ కూడా అంతే. నాకు ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డ నెలలో నా పేరు చెప్పి రెండు చోట్లా మొక్కింది.

పౌర్ణమి దాకా ప్రయాణం వాయిదా వేసుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం వెళ్తే గుడి కిటకిటలాడుతోంది. జనం మోకాళ్ల మీద కూర్చుని, వెదురు గొట్టంలో జోస్యం పుల్లలు గలగలా ఊపుతున్నారు. ఒక పుల్ల మెల్లగా పైకి జరిగి జరిగి నేల మీద పడుతుంది. ఆ చప్పుడు వినగానే, స్తంభం పక్కన చెప్పులు పట్టుకుని ఆంటీ కోసం నిలబడ్డ కుర్రాడినైపోయాను. ఎంతసేపు చూసినా ఆవిడ కనబడలేదు. గుడి బయట తామర మొగ్గలమ్మే ఆవిణ్ణి అడిగాను, రోచోర్ వాళ్లు ఇంకా వస్తారా అని. "వస్తారు, బస్సెక్కి వస్తారు. ముసలివాళ్లు తెల్లారగానే వచ్చి వెళ్లిపోతారు, నువ్వే ఆలస్యం చేశావు" అంది.

చీటీ మీద నా పేరు, ఫోన్ నంబరు, "నీలం బ్లాకు, పోపు డబ్బా కుర్రాడు" అని రాసిచ్చాను. ఆవిడ దాన్ని మడిచి డబ్బుల డబ్బాలో పెట్టుకుంది.

ఇంకా ఫోన్ రాలేదు. ఈసారి పంచాంగం చూసుకునే టికెట్ కొన్నాను. పౌర్ణమి నాడు తెల్లారేసరికి అక్కడుంటాను.