ఫ్యాటీ లివర్ ఉందని కొలెస్ట్రాల్ మాత్ర ఆపేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు. సోంపేట దగ్గర కిరాణా కొట్టు నడుపుతున్నాను. రెండేళ్ల కిందట గుండెపోటు వస్తే విశాఖపట్నంలో ఒక స్టెంట్ వేశారు. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. యాస్పిరిన్ 75, అటోర్వాస్టాటిన్ 20, మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర వాడుతున్నాను. నెల కిందట కడుపు ఉబ్బరంగా ఉంటే స్కానింగ్ తీయించుకున్నాను. గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు. లివర్ పరీక్షల్లో ఎస్‌జీపీటీ 68, ఎస్‌జీఓటీ 52 వచ్చాయి. ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు, చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 84, మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 7.9 ఉన్నాయి. బరువు 82 కిలోలు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. కొలెస్ట్రాల్ మాత్రలు లివర్‌ను పాడుచేస్తాయని తెలిసినవారు చెబితే మూడు వారాలుగా అటోర్వాస్టాటిన్ ఆపేసి, పరగడుపున ఆకు పసరు తాగుతున్నాను. వారానికి ఒకటి రెండు సార్లు తాటికల్లు తప్ప వేరే అలవాట్లు లేవు. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు నొప్పి మాత్ర వేసుకుంటాను. నేను చేసింది సరైనదేనా? లివర్‌కు మందు ఉందా? ఏం తినాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు వాడవలసిన దానిని ఆపేశారు, ఆపవలసిన దానిని తాగుతున్నారు. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం వంటివి లేకపోతే, మీకు స్టెంట్ వేసిన డాక్టరుకు ఫోనులో జరిగినదంతా చెప్పి, ఆయన సరేనంటే ఈ రాత్రి నుంచే అటోర్వాస్టాటిన్ మళ్లీ మొదలుపెట్టండి. పసరు ఈ రోజే మానేయండి.

ఎస్‌జీపీటీ సుమారు 40 లోపు ఉండాలి. మీకు 68 ఉంది. అటోర్వాస్టాటిన్ వంటి స్టాటిన్ మాత్రల వల్ల కాలేయానికి ఇబ్బంది కలుగుతోందేమోనని మేము ఆలోచించేది ఆ అంకె గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు, అంటే 120 దాటినప్పుడు. మీ 68కి కారణం కాలేయంలో పేరుకున్న కొవ్వే కావడానికి అవకాశం చాలా ఎక్కువ. ఫ్యాటీ లివర్ ఉన్నవారికి స్టాటిన్‌లు సురక్షితమేనని ఏళ్ల తరబడి వాడకంలో తేలింది. మూడు వారాలు మాత్ర లేకుండా గడిపిన స్టెంట్ రోగి గురించి నాకు కలిగే భయం, 68 ఎస్‌జీపీటీని చూసినప్పుడు కలగదు. ఫ్యాటీ లివర్ ఉన్నవారి మరణాలకు మొదటి కారణం గుండె, రక్తనాళాల జబ్బులే. కాలేయం చెడిపోవడం ఆ తరువాతి మాట.

ఈ రెండు జబ్బులకూ వేరు ఒక్కటే. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగి ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు, కాలేయం తనలో కొవ్వును నిల్వ చేసుకుంటూనే, మిగిలిన దానిని ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి వదులుతుంది. రాత్రంతా చక్కెరను కూడా అవసరానికి మించి తయారుచేస్తూ ఉంటుంది. పరగడుపు షుగర్ ఎంతకూ దిగిరాకపోవడానికి ఇదొక కారణం. ఆ కొవ్వూ ఆ చక్కెరా చేరేది గుండె రక్తనాళాల్లోకే. శరీరం ఆహారాన్ని వాడుకునే తీరులో వచ్చిన లోపమే దీనికి మూలమని తెలియజేసేలా 2023లో వైద్యులు ఈ జబ్బు పేరునే మార్చారు, కానీ ఓపీలో మేమూ రోగులూ ఇప్పటికీ ఫ్యాటీ లివర్ అనే అంటున్నాము.

స్కానింగ్ రిపోర్టులోని గ్రేడ్ గురించి చాలామంది అనవసరంగా బెంగపడతారు. గ్రేడ్ 2 అంటే తెరపై కాలేయం ఎంత తెల్లగా మెరుస్తోందన్న లెక్క మాత్రమే. మనకు తెలియవలసినది కాలేయం లోపల మచ్చ కట్టడం, అంటే ఫైబ్రోసిస్, మొదలైందా లేదా అన్నది. దానికి పైసా ఖర్చు లేని లెక్క ఒకటుంది, దానిని ఫిబ్-4 అంటారు. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, వేలల్లో చెప్పిన ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణిస్తే వచ్చిన దానితో భాగించాలి. మీ విషయంలో 54ను 52తో గుణిస్తే 2808. 210ని 68 వర్గమూలమైన 8.25తో గుణిస్తే సుమారు 1732. భాగిస్తే వచ్చేది 1.62. ఇది 1.3 కంటే తక్కువైతే నిశ్చింతగా ఉండవచ్చు, 2.67 దాటితే లివర్ నిపుణుడిని వెంటనే కలవాలి. మీరు మధ్యలో ఉన్నారు కనుక కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. నొప్పి ఉండదు, కోత ఉండదు, పది నిమిషాల పని; విశాఖపట్నం వెళ్లవలసి రావచ్చు. అందులో ఆ గట్టిదనం 8 కిలోపాస్కల్స్ లోపు ఉంటే ముదిరిన మచ్చ లేదని ధైర్యంగా అనుకోవచ్చు.

ఇక పసరు సంగతి. మన ప్రాంతంలో లివర్ అనగానే పచ్చకామెర్లు, పచ్చకామెర్లు అనగానే పసరు గుర్తుకు వస్తాయి. ఆకు గనుక హాని చేయదన్న నమ్మకం మంచిది కాదు. కరోనా కాలంలో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ కషాయం తాగినవారిలో కొందరికి కాలేయం వాచినట్లు మన దేశంలోని వైద్యులే నమోదు చేశారు. మీరు తాగుతున్నది ఏ ఆకో మీ ప్రశ్నలో లేదు, బహుశా మీకూ చెప్పి ఉండరు. ఈ రెండు మూడు రోజుల్లోనే ఎస్‌జీపీటీని, పచ్చకామెర్లను పట్టిచ్చే బిలిరుబిన్‌ను పరీక్ష చేయించుకోండి. ఎస్‌జీపీటీ 120 దాటితే స్టాటిన్ విషయం కూడా మీ డాక్టరే తేల్చాలి.

మందు ఉందా అని అడిగారు. దుకాణాల్లో దొరికే లివర్ టానిక్కులకు డబ్బు పెట్టకండి. మీకు నిజంగా ఉపయోగపడేవి షుగర్ మందుల్లోనే ఉన్నాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు గుండెకు రక్షణ ఇస్తూ కాలేయంలో కొవ్వును కొంత తగ్గిస్తాయి. సెమాగ్లూటైడ్ బరువుతో పాటు గుండెపోటు ముప్పునూ తగ్గిస్తుంది. కాలేయంలో వాపు, మచ్చ ఉన్నవారికి దానిని వాడటానికి 2025 ఆగస్టులో అమెరికా అనుమతించింది. పియోగ్లిటజోన్ కాలేయానికి మంచిదే అయినా, గుండె పంపింగ్ తగ్గినవారిలో నీరు చేరేలా చేస్తుంది కనుక గుండె స్కానింగ్ (ఎకో) చూడకుండా వాడకూడదు. వీటిలో ఏది మీకు తగినదో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూసి మీ డాక్టరు నిర్ణయించాలి. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మోకాళ్లకు వేసుకునే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కిడ్నీనీ గుండెనూ రెండింటినీ దెబ్బతీస్తాయి, యాస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. నొప్పి మరీ బాధిస్తే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. యాస్పిరిన్ 75 వల్ల మీ కాలేయానికి ముప్పు లేదు, దానిని మాత్రం ఆపకండి. ఎల్‌డీఎల్ 84 ఉన్నది మాత్ర వాడుతున్నప్పుడే కదా. స్టెంట్ పడినవారికి 55 లోపు ఉండాలి. అంటే మీ స్టాటిన్ మోతాదు పెంచడమో, ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మాత్ర జతచేయడమో చేయవలసి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద మందు బరువు తగ్గడమే. 82 కిలోలలో 7 శాతం, అంటే ఆరు కిలోలు తగ్గితే కాలేయం వాపు తగ్గుతుంది. ఎనిమిది కిలోలు తగ్గితే మచ్చ కూడా వెనక్కు పోయే అవకాశం ఉంటుంది. ఆరు నెలల నుంచి ఏడాదిలో నెమ్మదిగా తగ్గండి. కడుపు మాడ్చుకొని నెలలో తగ్గితే కాలేయానికే చేటు.

తిండి విషయంలో మీ కొట్టు నుంచే మొదలుపెడదాము. మధ్యాహ్నం ఎండలో గల్లాపెట్టె పక్కనున్న ఫ్రిజ్ తలుపు తీసి తాగే చిన్న కూల్‌డ్రింక్ సీసాలో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది, అందులోని ఫ్రక్టోజ్ అనే చక్కెర నేరుగా కాలేయంలో కొవ్వుగా మారుతుంది. మీరు తాగుతారో లేదో రాయలేదు గాని, కొట్టు నడిపే నా రోగుల్లో తాగనివారిని నేను తక్కువగా చూశాను. చక్కెర మానేసి బెల్లం టీ తాగుతున్నామని చెప్పేవారూ ఉన్నారు. కాలేయం ఆ తేడాను గుర్తించదు. చోడి (రాగి) అంబలి మంచిదే, మజ్జిగ కలిపి ఒక గ్లాసు తాగండి, కానీ అంబలి తాగి ఆపైన ఎప్పటిలాగే అన్నం తింటే లాభం లేదు. రాత్రి అన్నం సగానికి తగ్గించి, ఆ చోటును కూరతో, పప్పుతో, ఉలవలతో నింపండి. చేపల పులుసు తినండి, వేపుడు వద్దు. ఎండు చేపలలో ఉప్పు మీ బీపీకి పనికిరాదు. వేయించని, ఉప్పు లేని జీడిపప్పు ఏడెనిమిది పలుకులు తినవచ్చు, పకోడీకి బదులుగా. ఇంట్లో నూనె మనిషికి నెలకు అర లీటరు దాటకుండా చూడమని ఇంట్లో వారికి చెప్పండి. చక్కెర లేని కాఫీ రెండు కప్పులు కాలేయానికి మేలే చేస్తుంది. తాటికల్లు కూడా మద్యమే, పూర్తిగా మానేయాలి.

వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడవండి. బారువ తీరం దగ్గరే కాబట్టి ఎండ ఎక్కకముందే వెళ్లి రండి. కొట్టులో అరగంటకొకసారి లేచి నిలబడి సరుకు మీరే అందించండి. నడకలో ఛాతీ పట్టేసినట్లు అనిపించినా, చల్లని చెమటలు పట్టినా ఆగిపోయి 108కి ఫోన్ చేయండి. మలం నల్లగా వచ్చినా, పొట్ట, కాళ్లు ఉబ్బినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మాత్ర మళ్లీ మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత లిపిడ్ ప్రొఫైల్, ఎస్‌జీపీటీ చేయించి డాక్టరును కలవండి. వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ, నొప్పి మాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకొని వెళ్లండి. మిగిలి ఉంటే ఆ ఆకును కూడా.